ఆయిల్ మనది... పానా ఎవరిది?

కారు ఆయిల్ మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. ఓ పానా, ఓ తొట్టె, గంటసేపు ఓపిక ఉంటే చాలు. అయినా మనలో చాలామంది సర్వీసింగ్ బిల్లు చూసి నిట్టూరుస్తారే తప్ప బానెట్ ఎత్తి చూడరు. ఇంట్లోనే మార్చుకుంటే నిజంగా ఎంత మిగులుతుంది? ఆ మిగిలినదాని కోసం ఏం పణంగా పెడుతున్నాం?

ఎడ్లబండి ఉన్న రైతు ఇరుసుకు కందెన పెట్టించడానికి ఎవరికీ డబ్బులివ్వలేదు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపేవాడు. ఆ నల్లటి ముద్దను ఓ వెదురు గొట్టంలో నింపి బండి కిందే వేలాడదీసుకునేవాడు. దారిలో చక్రం కిర్రుమంటే చాలు... దిగి, సీల తీసి, ఇంత కందెన పూసి మళ్లీ ఎడ్లను అదిలించేవాడు. అంతే సర్వీసింగ్!

ఆ రైతు మనవడు ఇప్పుడు ఎనిమిది లక్షలు పోసి కారు కొన్నాడు. కొన్నరోజే పూజ చేయించాడు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. కానీ ఆ కారు కడుపులో ఎన్ని లీటర్ల ఆయిల్ పడుతుందో అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటాడు. తప్పు అతనిది కాదు. అవసరం రాలేదు. వీధి చివర షెడ్డు ఉంది, షోరూమ్ వాళ్ల నుంచి నెలకోసారి ఫోన్ వస్తుంది, ‘సార్, మీ బండి సర్వీసింగ్ డ్యూ ఉంది’ అంటూ.

తమాషా ఏమిటంటే, తాత వాడిన ఆముదానికీ మనవడి కారులోని ఆయిల్‌కీ చుట్టరికం ఉంది. 1909లో ఓ బ్రిటిష్ కంపెనీ మోటారు ఇంజిన్ల కోసం చేసిన నూనెలో ఆముదం కలిపింది. ఇంగ్లిష్‌లో ఆముదాన్ని ‘క్యాస్టర్’ అంటారు కదా, అందులోంచే ‘క్యాస్ట్రాల్’ అనే పేరు పుట్టింది. ఆముదం పోయి పెట్రోలియం నూనె వచ్చింది, దాని తర్వాత సింథటిక్ వచ్చింది. చేసే పని మాత్రం అదే... ఇనుము ఇనుమును ఒరుసుకోకుండా మధ్యలో పొరలా నిలబడటం.

మూడు కోట్ల చుట్లు

ఆ పొర మందం వెంట్రుక కంటే చాలా తక్కువ. ఇంజిన్ ప్రాణమంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఓ చిన్న లెక్క వేద్దాం. మన ఊళ్ల ట్రాఫిక్‌లో కారు సగటున గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే, 10,000 కిలోమీటర్లు తిరగడానికి ఇంజిన్ 330 గంటలకు పైగా నడవాలి. నిమిషానికి సగటున 1,800 చుట్లు అనుకున్నా... మొత్తం మూడున్నర కోట్ల చుట్లు దాటుతుంది! అన్నిసార్లూ పిస్టన్లు పైకీ కిందకీ ఆడాలి. క్రాంక్ షాఫ్ట్ తన బేరింగుల్లో తిరగాలి. అంతసేపూ మూడు లీటర్ల ఆయిలే పంపులోంచి ఫిల్టర్‌లోకి, ఫిల్టర్‌లోంచి ఇంజిన్ సందుగొందుల్లోకి, అక్కణ్నుంచి మళ్లీ కింద ఉన్న చాంబర్‌లోకి తిరుగుతూ ఉంటుంది.

కందెనగా పనిచేయడమే కాదు, వేడిని మోసుకుపోతుంది. మసిని కడుగుతుంది, తుప్పు పట్టనివ్వదు. ఇన్ని పనులు చేసేది కాబట్టే అది ముసలిదవుతుంది. వేడికి గుణం మారుతుంది. మసి, ఇంధనపు చుక్కలు, తేమ అందులో చేరతాయి. ఆయిల్‌లో కలిపిన రసాయనాలు ఒక్కొక్కటే అరిగిపోతాయి. అప్పుడు మార్చకపోతే అది జిడ్డు ముద్దలా తయారై సన్నటి దారుల్ని మూసేస్తుంది. ఆ తర్వాత వచ్చే బిల్లు వేలల్లో ఉండదు!

ఎప్పుడు మార్చాలి? ఈ ప్రశ్నకు షెడ్డుకో జవాబు వినిపిస్తుంది. అసలు జవాబు మాత్రం డ్యాష్‌బోర్డు అరలో, మనం ఎప్పుడూ తెరవని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది... ఏది ముందైతే అది. దుమ్ము రోడ్లు, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండ్లు, గంటల తరబడి సిగ్నళ్ల దగ్గర ఆగే బండ్లు అయితే ఇంకా ముందే. ‘నా కారు ఏడాదికి నాలుగు వేలే తిరిగింది, ఇంకా ఆరు వేలు ఉంది’ అనుకునేవాళ్లు ఎక్కువ. పాలూ కూరగాయల కోసం మాత్రమే తీసే కారులో ఇంజిన్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోదు. తక్కువ తిరిగే కారు ఆయిల్ కూడా ఏడాదికి మార్చాల్సిందే.

‘తారులా అయిపోయింది సార్!’

షెడ్డులో ఈ సంభాషణ మనందరికీ పరిచయమే.

‘‘సార్, ఒక్కసారి ఇటు రండి. ఆయిల్ చూడండి, తారులా అయిపోయింది.’’

‘‘మొన్ననేగా మార్చింది అన్నా?’’

‘‘మీ ఇష్టం సార్. ఇంజిన్ పోతే మళ్లీ నన్ననొద్దు.’’

ఇంజిన్ అనే మాట విన్నాక ఇంకేం మాట్లాడతాం! అయితే నలుపు ఒక్కదాన్నే చూసి ఆయిల్ పని అయిపోయిందని చెప్పలేం. మసిని గోడలకు అంటుకోనివ్వకుండా తనలో కలుపుకోవడం మంచి ఆయిల్ లక్షణం. డీజిల్ బండిలో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. చూడాల్సింది తేదీ, కిలోమీటర్లు. ఆ రెండూ ఓ కాగితం మీద రాసి బానెట్ కింద అంటించుకున్నవాళ్లను ఎవరూ భయపెట్టలేరు.

అలాగని మెకానిక్కులంతా మోసగాళ్లనుకుంటే పాపం. మూత తిప్పే శబ్దాన్ని బట్టి రోగం చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. విజయవాడ ఆటోనగర్, విశాఖ గాజువాక, హైదరాబాద్, గుంటూరు ఆటోనగర్లు వాళ్ల చేతుల మీదే నిలబడ్డాయి. అసలు ఇబ్బంది ఎక్కడంటే... ఆయిల్ లోపలికి పోయాక అది ఏ ఆయిలో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. డబ్బా మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉండొచ్చు. డ్రమ్ములోంచి తీసిన లూజు ఆయిల్ కావచ్చు. పాత ఫిల్టర్‌నే తుడిచి మళ్లీ బిగించి ఉండొచ్చు. కారు ఆ రోజు బాగానే నడుస్తుంది, మర్నాడు కూడా బాగానే నడుస్తుంది. తేడా తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి. అప్పుడు ఎవరిని అడుగుతాం?

ఆయిల్ రకంలోనూ తికమకే. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వాట్ అనుకునేవాళ్లూ ఉన్నారు! అది వింటర్‌కు గుర్తు. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా కదులుతుంది. రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక దాని చిక్కదనం. ‘మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది’ అనేది అంబాసిడర్ల కాలం నాటి మాట. ఆ ఇంజిన్లలో సందులు ఎక్కువ, చిక్కటిదే సరిపోయేది. ఇటీవలి పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి కంపెనీలే 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పల్చటి ఆయిళ్లు చెబుతున్నాయి. వాటిలో పాత పద్ధతిలో 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ తగ్గుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. కొత్త బీఎస్-6 డీజిల్ బండ్లకైతే పొగ ఫిల్టర్ మూసుకుపోకుండా ప్రత్యేకంగా బూడిద తక్కువ చేసే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏపీఐ అనే మూడక్షరాల పక్కన ఎస్ఎన్, ఎస్పీ అని ఉండేవి నాణ్యత తరగతులు. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో. మీ బండికి ఏది కావాలో మాన్యువల్ చెబుతుంది. దుకాణదారు, బావమరిది, పక్కింటాయన... ఎవరు చెప్పినా దాని తర్వాతే.

మూడొందల కోసం నాలుగు వేలు

సరే, డబ్బుల సంగతికి వద్దాం. ఓ చిన్న పెట్రోలు కారు తీసుకుందాం. మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. రకాన్ని బట్టి డబ్బా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా ఉంటుంది. పదిహేనొందలు అనుకుందాం. ఫిల్టర్ మరో నూటయాభై. చాంబర్ బోల్టు వాషర్‌కు ఇరవయ్యో ముప్ఫయ్యో. అంటే ఇంట్లో మనమే మార్చుకుంటే పదిహేడొందల లోపు అయిపోతుంది.

అదే సామాను వీధి చివరి షెడ్డులో ఇస్తే మార్చినందుకు రెండు, మూడొందలు తీసుకుంటారు. మొత్తం రెండు వేలు. అధీకృత సర్వీస్ సెంటర్లో వార్షిక సర్వీసింగ్ చేయిస్తే బిల్లు నాలుగు, అయిదు వేలకు ఎగబాకుతుంది. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ వేరే. కాకపోతే అక్కడ ఆయిల్ ఒక్కటే మార్చరు. బ్రేకులు విప్పి శుభ్రం చేస్తారు, కూలెంట్ చూస్తారు, కింద ఎక్కడైనా రబ్బరు బూటు చిరిగిందేమో వెతుకుతారు. ఈ రెండు బిల్లుల్నీ పక్కపక్కన పెట్టి ‘మూడు వేలు మిగిలాయి’ అనుకోవడం సరికాదు.

ఇంట్లో చేసుకోవడానికి సామాను కూడా కావాలి కదా. రింగు పానాలు, ఫిల్టర్ విప్పే పట్టీ, గరాటు, ఆయిల్ పట్టే తొట్టె, గ్లౌజులు, అన్నిటికంటే ముఖ్యంగా కారును మోసే స్టాండ్లు. మంచివి కొంటే నాలుగు వేలన్నా అవుతాయి. షెడ్డు కూలీ మూడొందలు మిగుల్చుకోవడానికి నాలుగు వేలు పెట్టామంటే... ఏడాదికోసారి మార్చే కారుకు ఆ డబ్బు తిరిగి రావడానికి పదమూడేళ్లు! అప్పటికి కారు మారిపోతుంది. కాబట్టి మన దగ్గర డబ్బు ఆదా కోసం ఈ పని మొదలుపెట్టడం గిట్టుబాటు కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. అక్కడ మనిషి చెయ్యి ఖరీదు. డబ్బా ఆయిల్, ఫిల్టర్ కలిపి 40 డాలర్లలో తేలిపోయే పనికి సింథటిక్ ఆయిల్ అయితే దుకాణంలో దాదాపు రెట్టింపు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పెట్టాలి. ఇంటికి రెండు కార్లు తప్పనిసరి. ఇంటి ముందు కాంక్రీటు వాలు, వెనక గ్యారేజీ ఉంటాయి. అందుకే హైదరాబాద్‌లో ఏనాడూ పానా పట్టని వాళ్లు డాలస్ వెళ్లాక శనివారం పొద్దున్నే కారు కింద దూరుతుంటారు. అదే అపార్టుమెంట్లో ఉండేవాళ్లకు ఆ అవకాశం తక్కువ. పార్కింగ్ స్థలంలో బండి రిపేర్లు చేయకూడదని చాలాచోట్ల అద్దె ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

మరి మన దగ్గర ఎందుకు చేసుకోవాలి? ఒకటే కారణం కనిపిస్తుంది... నమ్మకం. ఏ ఆయిల్ పోశామో, ఎంత పోశామో, ఫిల్టర్ మారిందో లేదో మన కళ్లకు తెలుసు. ఇంకోటి కూడా ఉంది. ఏడాదికోసారి కారు కిందకు తొంగిచూసినవాడికి కారుతున్న చుక్కా, పగిలిన రబ్బరూ తెలిసిపోతాయి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే వాళ్లూ పక్కన చేరి చూస్తారు. పుస్తకంలో చదివిన ఘర్షణ, స్నిగ్ధత అంటే ఏమిటో ఆ పూట అర్థమవుతుంది.

జాకీని నమ్మొద్దు

చేసే పద్ధతి కష్టమేం కాదు. ఇంజిన్‌ను మూడు, నాలుగు నిమిషాలు నడిపి ఆపేయాలి. గోరువెచ్చగా ఉన్న ఆయిల్ తేలిగ్గా దిగుతుంది. దూరప్రయాణం చేసొచ్చిన వెంటనే విప్పితే మాత్రం చెయ్యి బొబ్బలెక్కుతుంది. పైన ఆయిల్ మూత తీసి, కింద చాంబర్ బోల్టును 14 లేదా 17 నంబరు పానాతో విప్పాలి. ఎక్కువ కార్లలో ఈ రెండింటిలో ఒకటే సరిపోతుంది. చివరి చుట్లు చేత్తో తిప్పుతూ తీయాలి. ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది, తొట్టె సిద్ధంగా ఉండాలి. పూర్తిగా కారడానికి పావుగంట పడుతుంది. తొందరపడితే పాతది లోపలే మిగులుతుంది.

తర్వాత ఫిల్టర్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత ఫిల్టర్ వచ్చేస్తుంది కానీ దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులూ కలిసి జారి, నడిచే బండిలోంచి ఆయిలంతా నిమిషాల్లో బయటికొచ్చేస్తుంది. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, రింగు తాకాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. చాంబర్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. బోల్టు మీద మగతనం చూపించక్కర్లేదు! చాలా ఇంజిన్ల చాంబర్లు అల్యూమినియంవి. అతిగా బిగిస్తే మరలు అరిగిపోతాయి, అప్పుడు చాంబరే మార్చాలి.

కొత్త ఆయిల్ మాన్యువల్‌లో చెప్పినదానికంటే కాస్త తక్కువ పోసి, ఇంజిన్‌ను ఓ నిమిషం నడిపి ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే సరి. ‘ఇంకో పావు లీటరు మిగిలిందిగా, పోసేద్దాం’ అనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ షాఫ్ట్ మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వచ్చిన ఆయిల్ పొరలా నిలబడదు.

ఇవన్నీ తప్పినా నష్టం డబ్బులే. ప్రాణాల మీదకు తెచ్చేది మాత్రం జాకీ. కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి ఇచ్చింది. దాని మీద బండిని లేపి కిందకు దూరడమంటే తల మీద టన్ను బరువును సన్నటి ఇనుప కాలు మీద నిలబెట్టుకోవడమే. కొంచెం వాలు ఉన్నా, నేల మెత్తగా ఉన్నా, బోల్టు విప్పడానికి గట్టిగా లాగినా అది పక్కకు ఒరిగిపోవచ్చు. ఇటుకలు పేర్చి నిలబెట్టడం అంతకంటే ప్రమాదం. ఇటుక ముందుగా చెప్పి విరగదు. గట్టి చదును నేల, హ్యాండ్ బ్రేకు, గేరు, వెనక చక్రాలకు అడ్డం రాళ్లు, బండి బరువుకు తగిన స్టాండ్లు లేదా ర్యాంపులు... వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కిందకు దూరకపోవడమే మంచిది. మూడొందలు షెడ్డులో ఇచ్చేయొచ్చు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్‌ను పైకి లాగే చేతి పంపులు కూడా దొరుకుతున్నాయి, వాటితో బండి కిందకు వెళ్లే అవసరమే ఉండదు. చాంబర్ అడుగున ఉన్న మడ్డి కొంత మిగలొచ్చు, ఫిల్టర్ కింద ఉండే బండ్లకు ఇది సగం పరిష్కారమే. అయినా ప్రాణానికి హాయి.

పాతది ఎక్కడ పోద్దాం?

ఇంట్లో మార్చుకునేవాళ్లు అందరూ చివర్లో తెల్లమొహం వేసేది ఇక్కడే. తొట్టెలో మూడు లీటర్ల నల్లటి ఆయిల్ ఉంది. దాన్నేం చేయాలి? డ్రైనేజీలో పోస్తే ఎవరూ చూడరు. పెరట్లో పోస్తే మట్టి పీల్చేసుకుంటుంది. ఆ మట్టి కింద మన బోరు ఉంది.

ఒక్కసారి ఆయిల్ మార్చగా వచ్చిన వ్యర్థం పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెబుతుంది. మన లెక్కలో దాదాపు 38 లక్షల లీటర్లు. వాడిన ఆయిల్‌లో ఇంజిన్ నుంచి అరిగిన లోహపు రజను, కాలీకాలని ఇంధనపు అవశేషాలు ఉంటాయి. పదే పదే చర్మానికి తగిలితే చర్మవ్యాధులే కాదు, క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. మనకు ఏడాదికోసారి గ్లౌజులు వేసుకుంటే సరిపోతుంది. షెడ్డులో కుర్రాడి చేతులు రోజంతా అందులోనే ఉంటాయి. సాయంత్రం అతను ఆ చేతుల్ని పెట్రోలుతో కడుక్కుంటాడు. మన బిల్లులో కనిపించని ఖర్చు అది.

మన ఊళ్లలో కాలిన ఆయిల్‌కు గిరాకీ లేకపోలేదు. సెంట్రింగ్ చెక్కలకు సిమెంటు అంటకుండా పూస్తారు. చెదలు పట్టకుండా వాసాలకు, కంచె గుంజలకు రాస్తారు. షెడ్ల దగ్గరకు డ్రమ్ములతో వచ్చి కొనుక్కుపోయేవాళ్లున్నారు. అందులో కొంత కొలిమిలో మండి పొగై పోతుంది. కొంత పైపైన వడకట్టుకుని ‘కొత్త’ డబ్బాల్లోకి చేరుతుందనే అనుమానమూ ఎప్పటినుంచో ఉంది. నిజానికి వాడిన ఆయిల్ చెత్త కాదు. శాస్త్రీయంగా శుద్ధి చేస్తే మళ్లీ మంచి నూనె అవుతుంది. మన చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థాల కిందే లెక్కేస్తుంది, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలంటుంది. ఆయిల్ తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లే వాడినదాన్ని శుద్ధికి చేర్చే బాధ్యత కూడా తీసుకోవాలన్న కేంద్ర నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

అమెరికాలో విడిభాగాల దుకాణాలు చాలావరకు పాత ఆయిల్‌ను ఊరికే తీసుకుంటాయి. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చి రావచ్చు. మన దగ్గర ఆ ఏర్పాటు వీధి దుకాణం దాకా రాలేదు. కాబట్టి ఇంట్లో మార్చేవాళ్లు పాత ఆయిల్‌ను కొత్తది వచ్చిన డబ్బాలోనే పోసి, మూత బిగించి, పెద్ద సర్వీస్ సెంటర్లో ఇచ్చి రావాలి. వాళ్ల దగ్గర శుద్ధి కేంద్రాలకు పంపే డ్రమ్ములుంటాయి. ముందే మాట్లాడుకుని ఉంచుకోవడం మేలు. తీసుకునేవాళ్లు దొరకకపోతే ఇంట్లో మార్చే ఆలోచనే మానుకోవచ్చు. అందులో నీళ్లు, కూలెంట్, థిన్నర్ లాంటివి కలపకూడదు. కలిస్తే శుద్ధి చేయడం కష్టం.

వారంటీ పోతుందా?

‘బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుంది’ అనేది బాగా వినిపించే బెదిరింపు. ఇందులో సగమే నిజం. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని కూడా ఆ తీర్పులో చెప్పింది. బయట చేసిన తప్పుడు పనివల్ల ఏ నష్టం జరిగిందో అంతమేరకే వారంటీ నిరాకరించవచ్చు అంది. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి, వ్యవహారం ఏళ్ల తరబడి నడిచింది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను తెచ్చింది. మన వస్తువును మనకు నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు గురించిన ఆ పోర్టల్‌లో వాహనాలూ ఉన్నాయి.

తీర్పుల సంగతి అలా ఉంచితే, ఇంజిన్ పాడైన రోజున షోరూమ్ కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇక్కడ ప్రాక్టికల్‌గా ఆలోచించడమే మంచిది. కొత్త కారుకు మొదటి మూడు సర్వీసింగులకు చాలా కంపెనీలు లేబర్ తీసుకోవు. ఆయిల్, ఫిల్టర్ డబ్బులే. వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడే చేయించి, ప్రతి బిల్లూ దాచుకుంటే అమ్మేటప్పుడూ మంచి ధర వస్తుంది. అక్కడ చేయించేటప్పుడు కూడా ఎస్టిమేట్ కాగితం చదవాలి. ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్, ఇంజిన్ కోటింగ్ అంటూ నాలుగైదు వరుసలు చేరి ఉంటాయి. ‘ఇది మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందండీ?’ అని మర్యాదగా అడిగితే చాలు. సగం వరుసలు వాటంతటవే మాయమవుతాయి.

వారంటీ దాటిన బండి ఉన్నవాళ్లకు నడిమి దారి ఒకటి ఉంది. చాలా కుటుంబాలకు అదే సరిపోతుంది. మాన్యువల్ చూసి, నమ్మకమైన దుకాణంలో లేదా పెట్రోలు బంకులో సీలు ఉన్న డబ్బా, అసలు ఫిల్టర్, వాషర్ మనమే కొనుక్కోవడం. షెడ్డుకు తీసుకెళ్లి ‘అన్నా, సామాను తెచ్చా, మార్చిపెట్టు’ అనడం. పని అయ్యేదాకా ఫోన్ జేబులో పెట్టి పక్కనే నిలబడటం. సీలు మన ముందే తీయాలి. పాత ఫిల్టర్ చేతికివ్వమనాలి. మెకానిక్‌కు ఆయిల్ మీద వచ్చే కాస్త లాభం పోతుంది కాబట్టి కూలీ దగ్గర బేరమాడొద్దు. యాభై ఎక్కువే ఇవ్వండి. మర్నాడు రోడ్డు మీద బండి ఆగితే వచ్చేది ఆయనే. ఇంటికే వచ్చి మార్చే మెకానిక్కులు కూడా ఇప్పుడు నగరాల్లో ఉన్నారు. వాళ్లకూ ఇదే పద్ధతి. పాత ఆయిల్ వాళ్లే తీసుకెళ్తారా అని మాత్రం పిలిచేటప్పుడే అడగాలి.

చెయ్యి పెట్టాలనే సరదా ఉన్నవాళ్లు బైకుతో మొదలుపెట్టొచ్చు. వంద సీసీ బండికి లీటరు లోపే ఆయిల్. జాకీ అక్కర్లేదు, సెంటర్ స్టాండు మీదే పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త... గేర్ల బైకుల్లో చాలావాటికి ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు కోసం కొని మిగిలిందాన్ని బైకులో పోస్తే క్లచ్ జారిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని రాసి ఉన్నదే బైకుకు.

కారైనా బైకైనా, ఇంట్లోనైనా షెడ్డులోనైనా ఆఖరుగా ఓ చిన్న పని ఉంది. పాత ఆయిల్ నింపడానికి అక్కర్లేని ఖాళీ డబ్బా ఉంటే దాన్ని అలాగే వదిలేయొద్దు. కంపెనీ స్టిక్కర్‌తో, మూతతో ఉన్న మంచి డబ్బాకు నకిలీ ఆయిల్ నింపేవాళ్ల దగ్గర ధర పలుకుతుంది. స్టిక్కర్ చింపి, పానా మొనతోనే దానికి నాలుగు చిల్లులు పొడిచి పారేయండి.